మూల నుంచి మూలకు పదిహేడు ఇంచులు

కంప్యూటర్‌కు ముఖం కన్నా వీపు పెద్దగా ఉన్న రోజులవి. ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. మొన్న మా అమ్మాయి ఆటల కోసం పెద్ద తెర కొనాలని ఫోన్ ముందు పెట్టుకుని, చేతిలో ఉన్న డబ్బుకు ఏది వస్తుందో పది నిమిషాల్లో తేల్చేసింది. పెద్దవాణ్ణి కదా అని నేనేదో సలహా ఇవ్వబోతే "నాన్నా, నీకు తెల్వదు, జర ఊకో" అంది. ఊకున్నాను. తెర కొనడమంటే ఏమిటో తెలియనిది నాకా! పాతికేళ్ల కిందట జడ్చర్లలో ఒక్క తెర కొనడానికి నేను మా నాన్నను, అదే మా బాపును, ఒక దర్జీని, ఒక మేస్త్రీని, ఆఖరికి మా నాయనమ్మ అవ్వను కూడా బతిమాలుకోవలసి వచ్చింది. వాళ్లలో ఒక్కరైనా నా మాట విన్నారా అంటే, వినలేదు.

అప్పుడు నేను బస్టాండు దగ్గర ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేవాణ్ణి. ఇరవై రెండేళ్ల వయసు, ఇస్త్రీ అంగీ, జేబులో రెండు పెన్నులు (అందులో ఒకటి రాయదు), దారిన పోతుంటే "కంప్యూటర్ సార్ నమస్తే" అనే పిల్లలు. ఇంతకన్నా మనిషికి ఏం కావాలి? ఇన్‌స్టిట్యూట్‌లో పాత మిషన్లు తీసేసినప్పుడు ఒకటి నాకు చవగ్గా వచ్చింది, పద్నాలుగు ఇంచుల తెరతో సహా. మా ఇల్లు ఇరుకు. ముందు గదిలో బాపు మంచం వేస్తే ఇక కుర్చీకి కూడా చోటుండేది కాదు. అందుకని తెరను గోడలో ఉన్న గూట్లో పెట్టి, దాని కింద ఒక చెక్క పలక కొట్టి కీబోర్డు పెట్టాను. పాతకాలపు రాతి గోడ కాబట్టి గూడు లోతుగానే ఉండేది. తెర ముందు రెండు ఎత్తు పీటలు. ఒకదాని మీద నేను, ఇంకోదాని మీద తొమ్మిదో తరగతి చదివే మా చెల్లె.

మేమిద్దరం ఆడేది ఒకటే ఆట, కార్ల పందెం. తెర అడ్డంగా రెండు ముక్కలయ్యేది. పై సగంలో చెల్లె కారు, కింది సగంలో నా కారు. అసలే పద్నాలుగు ఇంచులు, అందులో సగం. ఆ పోస్టుకార్డంత జాగాలో రోడ్డు, మలుపు, గుట్ట, ఎదుటి కారు, అన్నీ నాకు కనబడాలి! పైగా ఆ తెరకు ఒక రోగం. ఆడుతుండగా ఉన్నట్టుండి నల్లబడేది. నేను లేచి, గూట్లోకి చెయ్యి దూర్చి, దాని వీపు మీద రెండు దెబ్బలు వేస్తే మళ్లీ వెలిగేది. వెలిగేసరికి నా కారు ఏ గుంటలోనో పడి ఉండేది. చెల్లె కారు మాత్రం గీత దాటి నిలబడి ఉండేది. దినం తప్పకుండా ఓడిపోయేవాణ్ణి. "తెర చిన్నదే, లేకపోతే నేను ఓడిపోతనా" అనేవాణ్ణి. "నాది గూడ గంతే గద అన్నా" అనేది చెల్లె, జామకాయ కొరుకుతూ. ఒళ్లు మండిపోయేది.

ఇంట్లో ఓడిపోతే ఇంట్లోనే ఉంటుందనుకున్నాను. ఒకరోజు క్లాసులో కీబోర్డు గురించి గంభీరంగా చెబుతుంటే వెనక బెంచీ నుంచి ఒకడు చెయ్యెత్తాడు. "సార్, మీ చెల్లె మిమ్మల్ని దినాం ఓడగొడ్తదట గద?" అన్నాడు. వాడి చెల్లె, మా చెల్లె ఒకటే బడి. క్లాసంతా ఒక్కటే నవ్వు. చేతిలో సుద్దముక్క విరిగింది. ఆ సాయంత్రం ఇంటికి రాగానే చెల్లెతో అన్నాను: "పెద్ద తెర తెస్త. తెచ్చినంక వచ్చే ఆదివారం అందరి ముందట ఆడుదాం. ఓడిపోతె నువ్వు మా ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చి, మా అన్ననే గెలిచిండని చెప్పాలె." చెల్లె ఏమాత్రం ఆలోచించలేదు. "నువ్వు ఓడిపోతె? మీ క్లాసు పిల్లల ముందట నన్ను మేడం అని పిలువాలె" అంది. నేను సరేనన్నాను. (ఆ వయసులో మనిషి దేనికైనా సరే అంటాడు.)

ఇక బాపు. బాపు మార్కెట్ యార్డులో తూకం వేసేవాడు. తూచనిదాన్ని, కొలవనిదాన్ని ఆయన నమ్మడు. మోపెడ్ కోసమని ఏడాదిగా నేను దాచుకున్న జీతం తెర కోసం తీస్తానంటే ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు. "మోపెడ్ కొంటె ఇద్దరు ఎక్కి పోతరు. గా డబ్బ మీద ఎవలు ఎక్కుతర్రా?" అన్నాడు. ఉద్యోగానికి పనికొస్తుందన్నాను, కండ్లకు మంచిదన్నాను, ముందు ముందు అంతా పెద్ద తెరలే అన్నాను. అన్నీ విని చివరికి "నీ పైసలు నీ ఇష్టం. కని నువ్వొక్కనివి పోతె పట్నంల నిన్ను అమ్ముకుంటరు. చాచాను తోల్కపో" అన్నాడు.

చాచా అంటే మా గల్లీ మొదట్లో బట్టలు కుట్టే దర్జీ చాచా. బాపుకు చిన్ననాటి దోస్తు. గుండీలకు, లోపల వేసే అస్తరు గుడ్డకు నెలకోసారి హైదరాబాద్ పోయి వచ్చేవాడు కాబట్టి బేరం చేయడంలో మా గల్లీకంతా ఆయనే దిక్కు. కంప్యూటర్ తెర కొనడానికి దర్జీ ఎందుకు అని నేను మొత్తుకున్నాను. ఎవరు వింటారు? చాచా మరునాడే మెడలో టేపు వేసుకుని మా ఇంటికొచ్చాడు. గూడు ముందు నిలబడి, పెళ్లికొడుకు కోటుకు కొలత తీసినంత శ్రద్ధగా అడ్డం కొలిచాడు, నిలువు కొలిచాడు, తన కొలతల పుస్తకంలో నా అంగీ కొలతలున్న పేజీలోనే రాసుకున్నాడు. "మేరా హిసాబ్ పక్కా, లెక్క తప్పది. ఫికర్ జెయ్యకు బేటా. గూడుకు అంగీ కుట్టినట్టు కూసుంటది" అన్నాడు. అప్పుడే నాకు అనుమానం రావలసింది. రాలేదు.

హైదరాబాద్‌లో ఆ దుకాణం మెట్ల కింద ఉంది. నా డబ్బుకు దగ్గరగా రెండే దారులున్నాయి. ఒకటి, పదిహేను ఇంచుల కొత్త తెర. రెండోది, పదిహేడు ఇంచుల పాత తెర. పాతదాన్ని ఏదో దవాఖానలో పేర్లు రాసుకునే చోట ఏళ్ల తరబడి వాడారట. ఒకే పేజీ పొద్దస్తమానం వెలిగి వెలిగి, దాని పైభాగంలో "పేరు, వయసు, తండ్రి పేరు" అని ఇంగ్లీషు అక్షరాలు మసకగా అచ్చుపడిపోయాయి. కొత్తదేమో శుభ్రంగా ఉంది గానీ చిన్నది. పెద్దదేమో చూడ్డానికి కండ్లు చాలనంత ఉంది గానీ నా దగ్గరున్నదానికన్నా ధర ఎక్కువ. పెద్దది, చిన్నది, మళ్లీ పెద్దది అని నేను అరగంట ఊగిసలాడుతుంటే, చాచా మెడలోంచి టేపు తీసి పెద్ద తెర మీద అడ్డంగా పరిచాడు.

"పదిహేడు అంటివి. పదమూడు గూడ లేదు" అన్నాడు.

దుకాణం అతను నవ్వాడు. "అడ్డం కాదు సాబ్, మూల నుంచి మూలకు కొలవాలి."

చాచా ముఖం చూడాలి అప్పుడు! నలభై ఏళ్లు గుడ్డ కొలిచిన మనిషి. "మూల నుంచి మూలకా? అరె, గుడ్డను గట్ల కొల్చి అమ్మితె ఎవలన్న ఊకుంటరా? ఏ దునియాల ఉన్నది గీ కొల్త?" అన్నాడు. నేను సిగ్గుతో చచ్చిపోతున్నాను. "చాచా, గట్లనే కొలుస్తరు, నేను క్లాసుల గూడ గదే చెప్త" అని గొణిగాను. "గలత్ చెప్తున్నవ్" అని నన్ను కూడా కడిగేశాడు. కోపంగానే మూల నుంచి మూలకు టేపు పెట్టి చూశాడు. పదహారు. చాచా కండ్లు మెరిశాయి. "ఇంకో ఇంచు ఏడవాయె?"

"అది ప్లాస్టిక్ కింద ఉంటది సాబ్, కనిపించదు."

దుకాణంలో ఉన్నవాళ్లంతా పని ఆపి మా వైపు తిరిగారు. చాచా టేపును మెల్లగా వేలికి చుట్టుకున్నాడు. "సూడు బేటా, నేను గూడ పిల్లల లాగులకు మడతల ఒక ఇంచు ఉంచుత. పిల్లగాడు పెరిగితె విప్పుకోవచ్చు అని. గా ఇంచుకు పైసలు తీసుకుంట, ఎందుకంటె అది రేపైన వస్తది. నీ ఇంచు వస్తదా? విప్పి చూపెట్టు, పూర ధర ఇస్త." దుకాణం అతను ప్లాస్టిక్ అంచును ఒకసారి వేలితో నొక్కి చూశాడు. ఇంకో పావుగంట గింజుకుని, కనిపించని ఆ ఇంచు ధర తగ్గించి, పైనున్న మసక అక్షరాలకు ఇంకొంత తగ్గించి, మా ముఖం మళ్లీ చూపించొద్దన్నట్టు డబ్బా కట్టి ఇచ్చేశాడు. అది సరిగ్గా నా జేబుకు సరిపోయింది. ఆ క్షణంలో నేను చాచా కాళ్లకు దండం పెట్టాలనుకున్న మాట నిజం.

బస్సులో ఆ బరువును ఇద్దరం మార్చి మార్చి ఒళ్లో పెట్టుకుని, కండక్టర్‌తో లగేజీ టికెట్ గురించి ఇంకో యుద్ధం చేసి (అందులో ఓడిపోయాం), తొడలు తిమ్మిరెక్కి ఇంటికొచ్చాం. గల్లీ అంతా చూస్తుండగా డబ్బా విప్పి తెరను గూట్లో పెట్టాం. అడ్డం సరిపోయింది. నిలువు సరిపోయింది. అంగీ కుట్టినట్టే ఉంది. లోపలికి తోశాం. సగం పోయింది, ఆగింది. మళ్లీ తోశాం. వీపు గోడకు తగిలి తెర ముఖం బెత్తెడు బయటికి పొడుచుకొచ్చి, కీబోర్డు పలక మీదికి ఒరిగింది. నేను చాచాను చూశాను. చాచా టేపును చూశాడు. "లోతు కొల్వలేదా చాచా?" అని అడిగాను. చాచా పాపం టేపును మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆఖరికి "గుడ్డకు లోతు ఏడుంటది బేటా" అన్నాడు. ఏమంటాం? తిట్టడానికి నోరు తెరిచాను, ఆయన ముఖం చూసి మూసుకున్నాను. లోతు కొలవమని కంప్యూటర్ సార్‌నైన నాకు మాత్రం తట్టిందా!

ఆదివారం ఇంకా మూడు రోజులుంది. పక్కింటికి సున్నం పని చేస్తున్న మేస్త్రీని పిలుచుకొచ్చాను. ఆయన గూడును తట్టి చూసి, "ఎనక పల్చగనే ఉన్నది, బొక్క పెడ్త, ఎనక భాగం ఆవలికి పోతది" అన్నాడు. ఆవల అంటే వంటిల్లు. వంటిల్లంటే అవ్వ. అమ్మ కూడా అవ్వను అడిగే అందులో అడుగు పెట్టేది. అవ్వ గడప మీద కూర్చుని "గోడకు బొక్క పెడ్తవా, నా మీదికెల్లి పెట్టు" అంది. గంటసేపు బతిమాలాను. చాచా కూడా తప్పు తనదేనని వచ్చి చెప్పాడు. చివరికి మేస్త్రీ బొక్క కొట్టాడు, తెర గూట్లో సరిగ్గా కూర్చుంది. దాని వీపు మాత్రం వంటింట్లో మసాలా డబ్బాల మధ్య నుంచి తొంగిచూస్తూ ఉండిపోయింది. దాని కరెంటు వైరు కూడా అటే పోయింది కాబట్టి, వంటింట్లో ఉన్న ఒక్కగానొక్క ప్లగ్గులోనే పెట్టవలసి వచ్చింది. అది అవ్వ మిక్సీ ప్లగ్గు. మేం ఆడేటప్పుడు ముట్టుకోనని అవ్వ ఒప్పుకుంది. రెండు రోజులకు ఆ వీపు వెచ్చగా ఉంటుందని కనిపెట్టి, దానికి ఆనించి పాలు తోడు పెట్టడం మొదలుపెట్టింది. చలికాలమేమో, పెరుగు గడ్డలా పేరుకునేది. ఇంత కష్టపడి తెచ్చిన నా తెరకు ఇంట్లో వచ్చిన మంచిపేరు అదొక్కటే. "అరేయ్, గా డబ్బ ఆన్ చెయ్యిరా, పెరుగు తోడుకోవాలె" అని అవ్వే నన్ను ఆటకు పిలిచేది.

ఆదివారం పొద్దున ముందు గది నిండిపోయింది. మంచం మీద బాపు, చాచా. గడపలో నా క్లాసు పిల్లలు నలుగురు, చెల్లె దోస్తులు ఇద్దరు. ఐదు చుట్ల పందెం. కొత్త తెర మీద నా సగమే పాత తెరంత ఉంది! రోడ్డు కనిపిస్తోంది, మలుపు ముందే తెలుస్తోంది. చెల్లె సగంలో ఆకాశం మీద "తండ్రి పేరు" అని మసకగా ఉన్నా, తను లెక్కచేయలేదు. మొదటి చుట్టు ఇద్దరం సమానం. మూడో చుట్టులో నేను ముందుకొచ్చాను. నాలుగో చుట్టులో ఇంకాస్త ముందుకు. నా పిల్లలు "సార్, సార్" అని అరుస్తున్నారు. బాపు కూడా మంచం అంచుకు జరిగాడు. చివరి చుట్టు. చెల్లె కారు నాకు కనబడనంత వెనక ఉంది. నా జన్మలో మొదటిసారి గెలవబోతున్నాను. అప్పుడు చెల్లె, తెర మీంచి చూపు తిప్పకుండా, గట్టిగా కేకేసింది: "అవ్వా, మస్తు ఆకలైతాంది! పచ్చడి అయ్యిందా?"

ఓడిపోయే మనిషికి ఆకలి కూడా వేస్తుందా అని నేను లోలోపల నవ్వుకున్నాను. నవ్వు పూర్తికాకుండానే తెర నల్లబడింది. గోడ అవతల మిక్సీ గుర్రుమంది.

"అవ్వా! ప్లగ్గూ! ప్లగ్గు పెట్టూ!" అని నేను అరుస్తున్నాను. ఆ మిక్సీ మోతలో అవ్వకు ఏం వినబడుతుంది? కంప్యూటర్ ప్లగ్గు ముందు గదిలోనే ఉంది కాబట్టి అది నడుస్తూనే ఉంది, కార్ల చప్పుడు వస్తూనే ఉంది. పాత అలవాటు కదా, పీట మీంచి ఒక్క ఉదుటున లేచి వీపు అందక తెర ముఖం అంచు మీదే దబదబా బాదాను. నా కారు దేనికో గుద్దుకున్న చప్పుడైంది. చెల్లె మాత్రం కదల్లేదు. ఆ నల్లటి తెర ముందు అట్లాగే కూర్చుని, వేళ్లు ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి, నెమ్మదిగా నొక్కుతోంది. నాకప్పుడు వెలిగింది. పాత తెర నల్లబడ్డప్పుడల్లా నేను లేచి దెబ్బలు వేస్తుంటే, ఇది కూర్చుని ఆడుతూనే ఉండేది. రోడ్డంతా దానికి కంఠతా వచ్చు! పచ్చడి నలిగి, మిక్సీ ఆగి, అవ్వ మా ప్లగ్గు మళ్లీ పెట్టి, తెర మెల్లగా వెలిగేసరికి నా కారు ఇసుకలో బోర్లా పడి ఉంది. చెల్లె కారు గీత దాటి నిలబడి ఉంది. ఏడాది జీతం పోసి, గోడ పగలగొట్టి నేను తెచ్చిన పెద్ద తెర ముందు అది తెరే లేకుండా గెలిచింది.

నేను ఒప్పుకోలేదు. మళ్లీ ఆడాలన్నాను. బాపు తూకం మనిషి కదా, "ముల్లు ఆగినంక మల్ల తూచుడు ఉండదు" అని తేల్చేశాడు. అవ్వ పచ్చడి గిన్నెతో వచ్చి "పోరి ఆకలన్నది, నేనేం జేద్దు?" అంది. చాచా నా భుజం మీద చెయ్యి వేసి "ఒక్క ఇంచుల పోయింది బేటా" అన్నాడు. సోమవారం బడికి పోతూ పోతూ చెల్లె ఇన్‌స్టిట్యూట్ ముందు ఆగింది. రెండు జడలు, నీలం రంగు గౌను, చేతిలో సగం తిన్న జామకాయ. నలభై మంది పిల్లల ముందు చేతులు కట్టుకుని "నమస్తే మేడం" అన్నాను. ఆ రోజు నుంచి ఇంట్లో, గల్లీలో, పెళ్లిలో, పేరంటంలో అది మేడమే. ఇప్పుడు రామన్నపేటలో లెక్కల టీచరు. లోకమంతా మేడం అంటుంది. అందరికన్నా ముందు అన్నవాణ్ణి నేనని మాత్రం ఎవరికీ తెలియదు.

మొన్న అమ్మాయి కొత్త తెర వచ్చింది. పలకంత పల్చగా ఉంది. చాచా దుకాణం మూసేసినప్పుడు నాకిచ్చిన టేపు బీరువాలో ఉంటే తీసి, మూల నుంచి మూలకు కొలిచాను. ఒక్క ఇంచు తేడా లేదు. చాచా ఉంటే మెచ్చుకునేవాడు. ఆట నడుస్తుండగా వీపు మీద చెయ్యి పెట్టి చూశాను. ఏదో గోరువెచ్చగా ఉంది గానీ, దానికి పాలు తోడుకోవు. ఎందుకో చెల్లెకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. అది నవ్వింది.

"అన్నా, ఒకటి చెప్త, కోపానికి రావద్దు" అంది. "ఆ దినం నాకు ఆకలి గాలె. పచ్చడి అడిగితె అవ్వ ప్లగ్గు పీకుతదని ఎరికుండే అడిగిన."

"దొంగ మొఖమా! పాతికేండ్లు మేడం అనిపిచ్చుకున్నవ్ గదనే! ఎందుకే?"

"నువ్వు గెలుస్తున్నవ్ గద. నాకు ఏడుపొచ్చింది" అంది. "దినాం ఓడిపోతున్నవనే గద నువ్వు నాతోని ఆడేది. గెలిస్తె ఇగ ఎన్నడు ఆడవేమో అనుకున్న."

నిజమే. ఆ ఆదివారం గెలిచి ఉంటే ఆ పీట మీద నేను మళ్లీ కూర్చునేవాణ్ణి కాదు. ఓడిపోయాను కాబట్టి, దాని పెళ్లయి పోయేదాకా దినం సాయంత్రం కూర్చున్నాను, దినం ఓడిపోయాను.

"అసలు గెలిచింది నువ్వే అన్నా" అంది చెల్లె. "ఇగ నన్ను మేడం అనకు."

"సరే మేడం" అన్నాను.